మీకు తెలుసా? మతి తప్పిన పెద్దలు ఎవరింట్లో ఉన్నారో

అమెరికాలో ముసలివాళ్లను చివరిదాకా ఉంచి చూసుకునే నర్సింగ్ హోముల్లో దాదాపు సగం మందికి మతి తప్పే జబ్బు, డిమెన్షియా, ఉందని మీకు తెలుసా? 2016 నాటి అక్కడి ప్రభుత్వ లెక్కలో అది 47.8 శాతం. (నంద్యాలలోనో కర్నూలులోనో బోర్డు కనిపించే నర్సింగ్ హోములు కాన్పులకూ ఆపరేషన్లకూ, ఇవి వేరు.) బ్రిటన్ కేర్ హోముల్లో దాదాపు 70 శాతం అంటారు. నార్వేలో జరిగిన ఓ పరిశీలనలో 80 దాటింది.

ఈ అంకెలు మా కోయిలకుంట్లలో ఓ అరుగు మీద చదివి వినిపిస్తే “ఆడికి పోతే మతి పోతాదా ఏంది?” అని ఎవరో ఒకరు అడక్క మానరు. జరిగేది దానికి తలకిందులు. పొయ్యి ఆర్పడం మరిచి, రాత్రిపూట తలుపు తీసుకుని వీధిన పడి, కన్నకొడుకునే “నువ్వెవరి పిల్లోడివప్పా?” అని అడిగే స్థితికి వచ్చాకే అక్కడివాళ్లను హోములో చేరుస్తారు. అంతవరకూ చాలామంది ఇంట్లోనే ఉంటారు. కాబట్టి ఆ శాతాన్ని బట్టి దేశంలో జబ్బు ఎంత ఉందో తేల్చలేం. జబ్బు ముదిరిన మనిషిని ఆ దేశం ఎక్కడ పెడుతుందో మాత్రం తెలుస్తుంది.

మన దేశంలో ఎంతమంది? 18 రాష్ట్రాల్లో 4,096 మంది పెద్దలను పరీక్షించి, దాని మీద కట్టిన అంచనా 2023లో వెలువడింది. 60 దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది. మగవాళ్లలో 5.8, ఆడవాళ్లలో 9 శాతం. పట్నాల్లో 5.3 అయితే పల్లెల్లో 8.4. పల్లె గాలికి, జొన్నరొట్టెకు మతి చెదరదని నమ్మేవాళ్లకు ఈ చివరి అంకె మింగుడుపడదు. బడిచదువు లేకపోవడం డిమెన్షియా ముప్పును పెంచుతుందన్నది వైద్యులు ఒప్పుకున్న మాట. మన అవ్వల తరంలో బడికి పోయినవాళ్లు ఎంతమంది?

మరి వీళ్లంతా వృద్ధాశ్రమాల్లో ఉన్నారా? లేరు. మన దగ్గర చాలా ఆశ్రమాల్లో మొదటి షరతు “తన పని తాను చేసుకోగలిగినోళ్లే రావాల” అన్నది. స్నానం, తిండి, మరుగు సొంతంగా చూసుకోలేని మనిషికి అక్కడ చోటు దొరకడం కష్టం. అమెరికాలో ఏ కారణంతో లోపలికి తీసుకుంటారో, ఇక్కడ అదే కారణంతో బయట ఉంచుతారు. కనుక కోయిలకుంట్ల చుట్టుపక్కల మతి తప్పిన అవ్వ ఉండేది ఇంటి వసారాలోనే. ఆమెను చూసుకునేది పెద్దకోడలు, లేదా పెళ్లై ఊళ్లోనే ఉన్న కూతురు. ఆ పనికి జీతం లేదు, సెలవు లేదు. మధ్యలో చేను పని ఉంటుంది, ఉపాధి కూలీ ఉంటుంది. “చాదస్తం, ముసలితనం” అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు గాని జబ్బని అనుకోరు, డాక్టరు దగ్గరికి తీసుకుపోరు. లెక్కల్లోకి ఎక్కకపోవడానికి ఇదీ ఒక కారణం.

చట్టం ఉందా అంటే ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపోయే ఆశ్రమాలతో రాష్ట్రాలు మొదలుపెట్టవచ్చని దాని 19వ సెక్షన్ చెబుతుంది. పెట్టవచ్చు అంది, పెట్టి తీరాలి అనలేదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు కోయిలకుంట్ల కర్నూలు నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. కాగితం మీద ఆశ్రమాల లెక్కా అలాగే రెట్టింపు కావాలి. కేంద్ర సాంఘిక న్యాయ శాఖ పథకంలో అల్జీమర్స్, డిమెన్షియా ఉన్నవాళ్ల కోసం కనీసం 20 మందికి విడిగా ఇళ్లు నడిపే స్వచ్ఛంద సంస్థలకు నిధులిచ్చే వీలు కూడా ఉంది.

అక్షరం రాని మనిషి మతిని ఎలా కొలుస్తారో మీకు తెలుసా? విదేశాల్లో వాడే పరీక్షలో ఒక వాక్యం చదవమంటారు, ఒక వాక్యం రాయమంటారు, తారీఖు అడుగుతారు. ఆ లెక్కన మా జేజి నలభయ్యో ఏటే తప్పేది! 1995లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం పరిశోధకులు నిరక్షరాస్యులకు సరిపడేలా హిందీలో ఆ పరీక్షను తిరగరాశారు. అక్కడే 65 దాటినవాళ్లలో డిమెన్షియా కేవలం 1.36 శాతమని 1998లో లెక్క తేలింది, ఇప్పటి జాతీయ అంచనాకు ఎంత దూరమో చూడండి. ఇంటి పెత్తనం పిల్లలకు అప్పగించి కూర్చున్న పెద్దాయన డబ్బు లెక్క తప్పినా, దారి తప్పినా పట్టుకునే సందర్భాలు తక్కువ. ఆ తేడాకు ఇదీ ఒక కారణం కావచ్చు. నన్నడిగితే మన నల్లరేగడి రైతును తారీఖు అడగనే కూడదు. ఇప్పుడు ఏ కార్తె నడుస్తోంది, పప్పుశనగ ఎప్పుడు విత్తుతారు అని అడగాలి. అది తప్పితే అప్పుడు కంగారు పడాలి.

రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా ఆలస్యంగా వస్తుందన్న ప్రసిద్ధ పరిశోధన హైదరాబాద్‌దే. నిమ్స్‌లో అప్పట్లో న్యూరాలజిస్టుగా ఉన్న సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు చూసింది. వాళ్లలో 391 మంది ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లు. వీళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. 2013లో ఇది అచ్చయింది. అసలు విశేషం ఇంకొకటి: బడి మొహం చూడనివాళ్లలో ఆ తేడా ఆరేళ్లు. అంటే చదువు వల్ల కలిగిన మేలు భాష ఖాతాలో పడిందనే వాదనకు ఇక్కడ చోటు లేదు. మూడో భాష వస్తే అదనపు లాభం మాత్రం కనిపించలేదు. అన్ని దేశాల్లోనూ ఇలాగే తేలలేదన్నదీ చెప్పుకోవాలి. జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన కొన్ని అధ్యయనాల్లో తేడా రాలేదు. అయినా ఇంట్లో ఉర్దూ, సంతలో తెలుగు మాట్లాడుతూ బతికే మనుషులు మా ప్రాంతంలో ఎందరో. పక్కనున్న బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానమే కదా.

మతికీ కంటికీ సంబంధం ఉంది. నివారించదగ్గ ముప్పుల జాబితాలో చూపు లోపాన్ని 2024లో వైద్య పత్రిక లాన్సెట్ కమిషన్ చేర్చింది. మొత్తం 14 ముప్పులను సరిదిద్దితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను తప్పించడమో వాయిదా వేయడమో సాధ్యమని దాని అంచనా. హైదరాబాద్‌లోని 41 వృద్ధాశ్రమాల్లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి బృందం చూస్తే దాదాపు 30 శాతం మందికి చూపు సరిగా లేదు. ఎక్కువమందికి కారణం శుక్లాలు, లేదా సరైన అద్దాలు లేకపోవడం. రెండూ బాగుచేయగలిగినవే.

ఒక్క రోజులో మతి చెదిరితే అది సాధారణంగా డిమెన్షియా కాదు. మే నెల ఎండకు ఒంట్లో నీళ్లు తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, కొత్త మందు పడకపోయినా ముసలివాళ్లు ఉన్నట్టుండి ఏదేదో మాట్లాడతారు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. నెమ్మదిగా వచ్చిన మతిమరుపులోనూ బి12 లోపం, థైరాయిడ్ వల్ల వచ్చింది ఉంటుంది, రక్తపరీక్షతో తెలుస్తుంది.

పొద్దున తిన్నది గుర్తులేని తాత, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డ కథ తడుముకోకుండా చెప్పగలడు. అది విని “నటిస్తన్నాడు” అంటారు ఇంట్లోవాళ్లు. పాపం, నటన కాదు. జబ్బు ముందు కొత్త జ్ఞాపకాలను దెబ్బతీస్తుంది. చిన్ననాడు విన్నవి చాలా కాలం మిగులుతాయి.

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఓ వృద్ధాశ్రమం ముందు బస్సు రాని బస్టాపు పెట్టారని మీకు తెలుసా? “ఇంటికి పోవాల” అని బయల్దేరే పెద్దలు దూరం పోకుండా అక్కడ కూర్చుంటారు. కాసేపటికి సిబ్బంది వచ్చి మాట కలిపి లోపలికి తీసుకుపోతారు. ఇది మోసమని కొందరికి అభ్యంతరం. సొంత ఇంట్లోనే కూర్చుని “మా ఇంటికి పోతా” అని పట్టుబట్టే అవ్వకు “రేపు పోదాంలే అవ్వా, ఇప్పుడు బస్సు లేదు” అని చెప్పే కోడలికి ఈ కిటుకు ఎవరూ నేర్పలేదు.

వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉచితం, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. చాలామందికి గందరగోళం ముదిరేది పొద్దుగూకాకే. రాత్రి 8 తర్వాత మానసిక ఆరోగ్య సాయం అందించే టెలిమానస్ 14416కు చేయండి. 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చూసుకునే కోడలు తన కోసం కూడా చేయవచ్చు.