జవాబు కలవకపోతే మార్కు పోయినట్టేనా?

ఇంటర్ మ్యాథ్స్ పరీక్ష రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక ఏ సెంటర్ గేటు దగ్గరైనా ఇలాంటి మాటలే వినపడతాయి. "విండో లెక్కలో ఎక్స్ ఎంత వచ్చింది మామా?" "ఇరవై బై నాలుగు ప్లస్ పై." "నాకు నలభై బై నాలుగు ప్లస్ పై వచ్చిందిరా. ఏడు మార్కులు పోయినట్టే." ఇంటికి చేరేలోపే ఆ రెండో అబ్బాయి తనకు రావలసిన మొత్తంలోంచి ఏడు తీసేస్తాడు. అన్నం దగ్గర సరిగా మాట్లాడడు. వాళ్లమ్మ అడిగితే "బాగానే రాశా" అని లేచిపోతాడు.

నిజానికి ఇద్దరూ సరిగ్గానే చేసి ఉండొచ్చు.

ఆ లెక్క ఎంపీసీ చదివినవాళ్లకు బాగా పరిచయమే. మొదటి సంవత్సరం 1బీలో గరిష్ఠ, కనిష్ఠ విలువల దగ్గర వస్తుంది. కింద దీర్ఘచతురస్రం, దాని మీద అర్ధవృత్తం ఉన్న కిటికీ. చుట్టుకొలత 20 అడుగులు. వైశాల్యం అన్నిటికంటే ఎక్కువ కావాలంటే కొలతలు ఎంతుండాలి? ఒకడు వెడల్పును 'రెండు ఎక్స్' అనుకుంటాడు. అప్పుడు అర్ధవృత్తం వ్యాసార్ధం ఎక్స్ అవుతుంది, లెక్క తేలిగ్గా నడుస్తుంది. ఇంకొకడు వెడల్పునే ఎక్స్ అనుకుంటాడు. మొదటివాడికి ఎక్స్ సుమారు 2.8 అడుగులు వస్తుంది, రెండోవాడికి సుమారు 5.6. ఒకడు కనుక్కున్నది వ్యాసార్ధం, రెండోవాడు కనుక్కున్నది వెడల్పు. కిటికీ మాత్రం ఒకటే. ఇద్దరూ చివరిదాకా చేస్తే వైశాల్యం 200 బై నాలుగు ప్లస్ పై, అంటే దాదాపు 28 చదరపు అడుగులు వస్తుంది. గేటు దగ్గర నిలబడి "నువ్వు ఎక్స్ అని దేన్ని అనుకున్నావ్?" అని మాత్రం ఎవరూ అడగరు.

రెండో సంవత్సరం 2బీకి వచ్చేసరికి ఈ తికమక ఇంకా పెరుగుతుంది. సైన్ ఎక్స్, కాస్ ఎక్స్ గుణించి ఇంటిగ్రేట్ చేయమంటే ఒకరికి 'సైన్ స్క్వేర్ ఎక్స్ బై రెండు' వస్తుంది. పక్క బెంచీ అమ్మాయికి 'మైనస్ కాస్ స్క్వేర్ ఎక్స్ బై రెండు' వస్తుంది. ఫార్ములా వాడి చేసినవాళ్లకు 'మైనస్ కాస్ రెండు ఎక్స్ బై నాలుగు' వస్తుంది. చూడటానికి మూడూ వేరువేరు, ఒకదానికి మైనస్ కూడా లేదు. కానీ మూడూ సరైనవే. మొదటిదానికీ రెండోదానికీ మధ్య తేడా సరిగ్గా అర, ఎక్స్ ఏదైనా సరే అరే. మొదటిదానికీ మూడోదానికీ తేడా పావు. ఇంటిగ్రేషన్ జవాబు చివర 'ప్లస్ సీ' అని రాయిస్తారే, ఆ స్థిరాంకం పని ఇదే. ఆ అర, ఆ పావు అందులో కలిసిపోతాయి. నీ జవాబు సరైనదో కాదో తేల్చుకోవాలంటే పక్కవాడి పేపర్ అక్కర్లేదు. నీకు వచ్చినదాన్ని డిఫరెన్షియేట్ చేసి, మొదట ఇచ్చినది తిరిగి వచ్చిందో లేదో చూసుకో. అదొక్కటే నమ్మదగిన పరీక్ష.

సరళరేఖ సమీకరణం ఒకరు రాసినదానికి రెట్టింపు అంకెలతో ఇంకొకరు రాయొచ్చు. త్రికోణమితి సమీకరణాల సాధారణ సాధనలు రెండు మూడు రూపాల్లో రాయొచ్చు. వెక్టార్లలో ఒకే రేఖకు వేరే బిందువు తీసుకుంటే సమీకరణమంతా మారినట్టు కనిపిస్తుంది. పిల్లలు గేటు దగ్గర పోల్చుకునేది చాలాసార్లు జవాబు రూపాన్నే.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. జవాబులు కలవడం కూడా రుజువు కాదు. అదే కిటికీ లెక్కలో దీర్ఘచతురస్రానికీ అర్ధవృత్తానికీ మధ్య ఉన్న గీతను కూడా చుట్టుకొలతలో కలిపేయడం చాలామంది చేసే పొరపాటు. ఆ గీత కిటికీ లోపలిది, అంచు కాదు. ఇద్దరు స్నేహితులు ఒకే ట్యూషన్‌లో, ఒకే నోట్స్‌తో చదివి ఒకే పొరపాటు చేస్తే జవాబులు చక్కగా కలుస్తాయి. ఇద్దరూ చేతులు కలుపుకుని ఇంటికి వెళతారు, మార్కులు మాత్రం ఇద్దరికీ పోతాయి.

ఇక మార్కుల సంగతి. తెలంగాణ ఇంటర్‌లో మ్యాథ్స్ పేపర్ ఒక్కోటి 75 మార్కులకు ఉంటుంది. మొదటి సంవత్సరం 1ఏ, 1బీ, రెండో సంవత్సరం 2ఏ, 2బీ, మొత్తం నాలుగు పేపర్లు. ప్రతి పేపర్లో రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడిస్తే ఐదు రాయాలి. ఏడు మార్కులవీ ఏడిస్తే ఐదు రాయాలి. ఇరవై, ఇరవై, ముప్పై ఐదు. పాస్ కావడానికి 26 చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి సంవత్సరంలో రెండు పేపర్లను కలిపి వంద మార్కుల ఒకే పేపర్ చేశారు కాబట్టి అక్కడి పిల్లలు ఈ లెక్కను తమ పేపర్‌కు తగ్గట్టు మార్చి చూసుకోవాలి.

ఏడు మార్కుల ప్రశ్నను దిద్దేవాళ్లు జవాబొక్కటే చూసి ఏడో సున్నానో వేయరు. వాల్యుయేషన్ క్యాంపులో వాళ్ల దగ్గర స్కీమ్ ఉంటుంది, ఏ స్టెప్పుకు ఎంతో అందులో రాసి ఉంటుంది. కిటికీ లెక్కలో బొమ్మ గీసి చుట్టుకొలత సమీకరణం రాసినందుకు కొంత, వైశాల్యాన్ని ఒకే చలరాశిలోకి తెచ్చినందుకు కొంత, డిఫరెన్షియేట్ చేసి సున్నాకు సమానం చేసినందుకు కొంత. రెండోసారి డిఫరెన్షియేట్ చేసి అది గరిష్ఠమేనని చూపినందుకు, చివరి విలువకు మిగతావి. పంపిణీ ఎలా ఉన్నా, చివర్లో కూడిక తప్పినవాడు పోగొట్టుకునేది సాధారణంగా ఒక మార్కే. మొదట్లోనే చుట్టుకొలత తప్పు రాసినవాడికి మాత్రం పెద్ద దెబ్బ తగులుతుంది, వాడి జవాబు ఎంత ముచ్చటగా ఉన్నా సరే. కాబట్టి "నాకు వేరే జవాబొచ్చింది" అనే మాట నుంచి "ఏడు పోయాయి" అనే నిర్ణయానికి దారి లేదు. ఎక్కడ తప్పిందో తెలిస్తేనే ఎంత పోయిందో తెలుస్తుంది. ఇక పరీక్ష ముగిసిన కాసేపటికే యూట్యూబ్‌లో వచ్చే 'కీ' వీడియోలున్నాయి. వాటిలో చాలావరకు చివరి జవాబులే చదివి వెళ్లిపోతారు. అందుకే అవి ధైర్యం కంటే దడే ఎక్కువ పుట్టిస్తాయి.

గేటు దగ్గర వినిపించే రెండో మాట: "పేపర్ అందరికీ టఫ్‌గానే వచ్చిందిలే." దీన్ని ఓదార్పు మాటగా తీసిపారేయకూడదు, అలాగని అన్ని పరీక్షలకూ నమ్మకూడదు. అది ఏ పరీక్ష అన్నదాన్ని బట్టి ఉంటుంది.

బ్రిటన్‌లో 2015 జూన్‌లో స్కూలు స్థాయి జీసీఎస్ఈ మ్యాథ్స్ పరీక్ష రాసిన పిల్లలు బయటికి రాగానే ట్విట్టర్‌ను ముంచెత్తారు. ఎడెక్సెల్ బోర్డు ఇచ్చిన ఒక ప్రశ్న దానికి కారణం. సంచిలో కొన్ని స్వీట్లున్నాయి, ఆరు నారింజ రంగువి, మిగతావి పసుపువి. హన్నా అనే అమ్మాయి ఒకటి తీసుకుని తింది, మరొకటి తీసుకుని తింది. రెండూ నారింజవే అయ్యే సంభావ్యత మూడింట ఒకటి. మొత్తం స్వీట్లు ఎన్ అయితే 'ఎన్ స్క్వేర్ మైనస్ ఎన్ మైనస్ తొంభై సమానం సున్నా' అని చూపించాలి. స్వీట్లు తినే అమ్మాయి కథలోకి ఈ సమీకరణం ఎక్కడినుంచి ఊడిపడిందని పిల్లలు గొడవ పెట్టారు. మన ఇంటర్ పిల్లలకు ఇది రెండు మూడు లైన్ల పని. మొదటిసారి సంభావ్యత ఆరు బై ఎన్, రెండోసారి ఐదు బై ఎన్ మైనస్ ఒకటి. వాటి లబ్ధం ఒకటి బై మూడు. అడ్డంగా గుణిస్తే తొంభై వచ్చేస్తుంది, స్వీట్లు పది. గ్రేడ్ హద్దులు తగ్గించమని పిల్లలు సంతకాలు కూడా సేకరించారు. అయితే అక్కడ ఏ గ్రేడ్‌కు ఎన్ని మార్కులన్నది పేపర్లు దిద్దాకే ఖరారు చేస్తారు. పేపర్ నిజంగా కష్టమైతే హద్దు దానంతటదే దిగుతుంది. కాబట్టి అక్కడ 'అందరికీ టఫ్' అన్నది మంచి వార్తే.

సీబీఎస్ఈలోనూ కొంత అలాంటిదే ఉంది. సబ్జెక్టు గ్రేడ్ ఇచ్చేటప్పుడు పాసైనవాళ్లందరినీ మార్కుల వరుసలో పెట్టి, పైనున్న ఎనిమిదో వంతు మందికి ఏ1, తర్వాతి ఎనిమిదో వంతుకు ఏ2 ఇస్తూ పోతారు. మార్కులు మార్కులుగానే ఉంటాయి, గ్రేడ్ మాత్రం మిగతావాళ్లు ఎలా రాశారన్నదాని మీద ఆధారపడుతుంది.

జేఈఈ మెయిన్‌లో ఇది పూర్తిస్థాయిలో ఉంటుంది. పరీక్ష చాలా షిఫ్టుల్లో జరుగుతుంది, షిఫ్టుకో పేపర్. అందుకే దాన్ని నిర్వహించే ఎన్‌టీఏ మార్కుల బదులు పర్సెంటైల్ ఇస్తుంది. నీ షిఫ్టులో రాసిన ప్రతి వందమందిలో నీ అంత, నీకంటే తక్కువ తెచ్చుకున్నవాళ్లు ఎందరో చెప్పే అంకె అది. 95 పర్సెంటైల్ అంటే 95 మార్కులు కాదని పెద్దవాళ్లు ముందు గ్రహించాలి. కష్టమైన షిఫ్టులో తక్కువ మార్కులకే మంచి పర్సెంటైల్ రావచ్చు. ఉదయం రాసినవాడు సాయంత్రం రాసినవాడితో "ఎన్ని అటెంప్ట్ చేశావ్?" అని పోల్చుకోవడం వల్ల తేలేదేమీ లేదు. పైగా ఇక్కడ తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉంది, స్టెప్ మార్కులు లేవు. ప్రాథమిక కీ అధికారికంగా విడుదలవుతుంది, తప్పనిపిస్తే ఫీజు కట్టి సవాలు చేయొచ్చు. జవాబులు సరిచూసుకోవడానికి అర్థం ఉన్నది ఇలాంటి పరీక్షలోనే, అదీ కీ వచ్చాక.

మన ఇంటర్ బోర్డులో ఇదేదీ పనిచేయదు. గ్రేడ్ హద్దులు ముందే రాసి ఉన్నాయి. తెలంగాణలో ఎంపీసీ మొత్తం వెయ్యి మార్కుల్లో 750 నుంచి ఏ గ్రేడ్, 600 నుంచి బీ, 500 నుంచి సీ, 350 నుంచి డీ. పేపర్ రాష్ట్రమంతా కష్టంగా వచ్చినంత మాత్రాన ఈ గీతలు కదలవు. కాబట్టి ఇక్కడ 'అందరికీ టఫ్' అన్న మాటతో మనసుకు కొంచెం తెరిపి దొరుకుతుందేమో గానీ మార్కు కలవదు. కాకపోతే ఇంకో కోణం చూడండి. పోయిందని ఏడుస్తున్న ఆ ఏడు మార్కులు వెయ్యిలో ఏడు.

ఆ ఏడు ఎక్కడ అక్కరకొస్తాయన్నది కూడా అందరికీ ఒకేలా ఉండదు. తెలంగాణ ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌లో 25 శాతం ఉంది. ఎన్ఐటీల్లో సీటు కోరేవారికి ఇంటర్‌లో 75 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీలకైతే 65. లేదంటే తమ బోర్డులో టాప్ 20 పర్సెంటైల్‌లో ఉన్నా చాలు. 930 వస్తుందో 937 వస్తుందో అని నిద్ర పాడుచేసుకునే పిల్లాడికి తెలంగాణలో ఇంజనీరింగ్ సీటు విషయంలో ఆ తేడా వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. 26 గీత దగ్గర ఉన్నవాడి బాధ వేరు, అది నిజమైన బాధే. ఆ బాధను టాపర్ల బెంగతో కలిపి ఒకే గాటన కట్టడం మన కాలేజీలు, మన చుట్టాలు చేసే తప్పు.

జవాబులు పోల్చుకోవద్దని పిల్లలకు చెప్పడం వృథా, వాళ్లు వినరు. వినవలసిన అవసరమూ లేదు. ఒక లెక్కను ముగ్గురు మూడు దారుల్లో ఎలా చేశారో మాట్లాడుకోవడం అసలైన చదువు. దానికి సమయం మాత్రం చూసుకోవాలి. 1ఏ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే 1బీ ఉంటుంది. మొదటి పేపర్లో పోయిన నాలుగు మార్కుల గురించి ఒక సాయంత్రం పాడైతే రెండో పేపర్లో పోయేది అంతకంటే ఎక్కువే ఉంటుంది. అన్ని పేపర్లూ అయ్యాక కూర్చుని పోల్చుకోండి. అప్పుడు కూడా చివరి అంకెతో మొదలుపెట్టకుండా మొదటి స్టెప్పు నుంచి చూసుకోండి.

ఫలితాలు వచ్చాక అంకె అన్యాయంగా కనిపిస్తే ఊరుకోనక్కర్లేదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెలుగులో 99 వచ్చిన ఒక అమ్మాయికి సున్నా పడింది. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఫెయిలైన వారందరి పేపర్లనూ ఉచితంగా మళ్లీ పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. అంటే మెమో మీది అంకె కూడా చివరి మాట కాదు. ఫలితాలు రాగానే రీకౌంటింగ్‌కు, రీవెరిఫికేషన్‌కు గడువు ఇస్తారు. రీకౌంటింగ్‌లో మార్కుల కూడిక మాత్రమే సరిచూస్తారు. రీవెరిఫికేషన్‌లో దిద్దని ప్రశ్న ఏదైనా మిగిలిందా అని కూడా చూసి, పేపర్ స్కాన్ కాపీ పంపిస్తారు. ఆ గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి పిల్లల మీద కేకలేసి కాలం గడపకుండా తల్లిదండ్రులు ఆ పని చూడాలి. ఫెయిలైనా అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, సంవత్సరం పోదు.

పిల్లలు అన్నం మానేసినా, గదిలోంచి బయటికి రాకపోయినా, 'నేను లేకపోతే మీకే మంచిది' లాంటి మాట అన్నా మార్కుల లెక్క పక్కనపెట్టి వాళ్ల పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబర్ 14416. డబ్బు కట్టనక్కర్లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.