ప్రొపెల్లరు ఆకుల సందునుంచి తుపాకి గుండు

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైనప్పటికి విమానం పుట్టి పదకొండేండ్లు నిండలేదు. సైన్యాధిపతులు దానిని శత్రువుల కదలికలను పైనుంచి చూచి వచ్చే వేగులవానిగానే ఎంచారు. ఆకాశంలో ఎదురుపడిన వైమానికులు మొదట్లో పిస్తోళ్ళతోను, రైఫిళ్ళతోను కాల్చుకునేవారు. కాని, తాను ఎక్కిన విమానం కదులుతూ ఉండగా, అంతే వేగంతో కదిలే మరొక విమానాన్ని ఒక్కొక్క గుండుతో కొట్టబోవడం చీకట్లో బాణం వేయడం వంటిది. నిమిషానికి కొన్ని వందల గుండ్లను కురిపించే మరతుపాకి ఉంటేనే పని జరుగుతుంది. ఆ మరతుపాకిని విమానంలో ఎక్కడ పెట్టాలి? చూడటానికి వడ్రంగి పనిలా కనిపించే ఈ ప్రశ్న రెండేండ్లపాటు మూడు నాలుగు దేశాల ఇంజనీర్లకు నిద్ర లేకుండా చేసింది.

తుపాకిని అటూ ఇటూ తిప్పి గురి చూడటం కంటె, దానిని విమానానికే బిగించి విమానాన్నే శత్రువు వైపు తిప్పడం తేలిక. అప్పుడు చోదకుని కన్ను, తుపాకి గొట్టం, విమానం ముక్కు ఒకే గీత మీద ఉంటాయి. అయితే ఆ గీతకు అడ్డంగా ప్రొపెల్లరు తిరుగుతున్నది! చెక్కతో చేసిన ఆ ఆకులకు గుండు తగిలితే చీలిపోతాయి. ఒక ఆకు విరిగితే బరువు ఒక పక్కకు ఒరిగి, ఆ కుదుపుకు ఇంజను దాని బిగింపులనుంచి ఊడిపోయే ప్రమాదం కూడ ఉన్నది.

అన్నిటికంటె సులభమైన ఉపాయం ప్రొపెల్లరును వెనుకకు పంపడం. ఇంగ్లండులో వికర్స్ సంస్థ 1913 ఫిబ్రవరిలో లండనులోని ఒలింపియా ప్రదర్శనలో అటువంటి విమానాన్ని చూపింది. దాని పేరే ‘ప్రయోగాత్మక యుద్ధ ద్విపక్ష విమానం, నంబరు 1’. ముక్కులో ఒక మాగ్జిం తుపాకి, వెనుక ఇంజను. ఎగురబోయిన మొదటిసారే అది కూలింది. అయినా ఆ వరుసలో తరువాత వచ్చిన ‘గన్‌బస్’ 1915లో యుద్ధరంగానికి వెళ్ళింది. అంతకుముందే, 1914 అక్టోబరు 5న, ఇటువంటి వెనుక ఇంజను గల ఫ్రెంచి వ్వాజాఁ విమానం ఒకటి జర్మను విమానాన్ని మరతుపాకితో కూల్చివేసింది. కాని ఈ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. వెనుక తిరిగే ప్రొపెల్లరుకు చోటు విడవాలి గనుక, తోకను బోలు కర్రలతో, తీగలతో కట్టిన పందిరివంటి చట్రం మీద నిలపాలి. ఆ కర్రలు, తీగలు గాలిని అడ్డుకుంటాయి. గన్‌బస్ వేగం గంటకు సుమారు 110 కిలోమీటర్లు దాటలేదు. పారిపోయే శత్రువును అందుకోలేని విమానానికి తుపాకి ఉండీ ప్రయోజనం ఏమి?

ఇంకొక ఉపాయం వింటే నేడు నవ్వు వస్తుంది. బ్రిటిషువారి బి.ఇ.9, ఫ్రెంచివారి స్పాడ్ ఎ.2 విమానాలలో తుపాకి కాల్చేవాడు ప్రొపెల్లరుకు ముందు, కొయ్యలతో నిలిపిన చిన్న తొట్టిలో కూర్చుంటాడు. వెన్నుకు జానెడు దూరంలో ప్రొపెల్లరు గిర్రున తిరుగుతూ ఉంటుంది. వెనుక ఉన్న చోదకునితో ఒక్క మాట చెప్పడానికి వీలు లేదు. నేలమీద దిగేటప్పుడు విమానం బోల్తా పడితే ఇంజను వచ్చి అతని మీద పడుతుంది. బి.ఇ.9 ఒక్కటే తయారైనది, అది మంచిదే.

ఇక ప్రొపెల్లరు సందులలోనుంచి కాల్చడమే మిగిలింది. తిరుగుతున్న బండిచక్రం ఆకుల మధ్యనుంచి రాళ్ళు విసరడం వంటిదిది. ఇది ఎంత కష్టమో లెక్క వేద్దాం. రెండాకుల ప్రొపెల్లరు నిమిషానికి 1200 చుట్లు, అనగా సెకనుకు 20 చుట్లు తిరుగుతున్నదనుకోండి. తుపాకి మూతికి ఎదురుగా సెకనుకు 40 సార్లు ఆకు అడ్డు వస్తుంది. ఇరుసు నుంచి 60 సెంటీమీటర్ల దూరాన ఆకు వెడల్పు 20 సెంటీమీటర్లనుకుంటే, ఆ దూరాన ఏర్పడే వృత్తం చుట్టుకొలత సుమారు 377 సెంటీమీటర్లు. అందులో రెండు ఆకులు ఆక్రమించేది 40. అంటే గురి లేకుండా కాల్చితే పదింట ఒక గుండు ఆకును తాకుతుంది. సెకనుకు పది గుండ్లు కాల్చే తుపాకి సెకనుకొకసారి తన విమానాన్నే కొడుతుందన్నమాట.

‘పదింట ఒకటే గదా, ఆ ఒక్కదానినీ పక్కకు తోసివేస్తే సరి’ అని తలచినవారు ఫ్రెంచివారు. రేమండ్ సోల్నియే అనే విమాన నిర్మాత 1914లోనే తుపాకిని, ప్రొపెల్లరును జతపరచే యంత్రంతో ప్రయోగాలు చేశాడు. కాని తూటాలు నమ్మదగినట్లు పేలలేదు. అందుచేత ఆకులకు రక్షణగా త్రికోణాకారపు ఉక్కు దిమ్మలను బిగించాడు. వైమానికుడు రోలాఁ గారోస్ వాటిని సరిచేసుకొని, 1915 ఏప్రిల్ 1న ఒక జర్మను విమానాన్ని కూల్చాడు. అదే నెల 18న అతడు శత్రుభూమిలో దిగవలసి వచ్చి పట్టుబడ్డాడు. విమానాన్ని తగులబెట్టబోయాడు గాని పూర్తిగా కాలలేదు. ఉక్కు దిమ్మలు జర్మనుల చేత చిక్కాయి. (పారిస్‌లో టెన్నిస్ పోటీలు జరిగే మైదానానికి ఇతని పేరే పెట్టారు.)

ఆ దిమ్మలను చూచి ఆంథొనీ ఫాకర్ అనే డచ్చి నిర్మాత రెండే రోజులలో అంతకంటె మేలైన యంత్రాన్ని కనిపెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ బాగున్నది గాని నమ్మదగినది కాదు. ఫ్రాంజ్ ష్నైడర్ అనే ఇంజనీరు 1913లోనే జర్మనీలో ఇటువంటి యంత్రానికి పేటెంటు కోరాడు. ఫాకర్ సంస్థలో కూడ హైన్రిక్ లుబ్బె వంటివారి కృషి దీని వెనుక ఉన్నది. ఏమైనా, పనిచేసే యంత్రాన్ని యుద్ధరంగానికి చేర్చిన ఖ్యాతి మాత్రం ఫాకర్ సంస్థదే.

ఆ యంత్రపు కీలకం ఇది. ఇంజనుతోబాటు తిరిగే ఒక బిళ్ళకు ఒకచోట ఉబ్బు ఉంటుంది. దీనిని కామ్ అంటారు. ఆకు తుపాకి మూతిని దాటిపోగానే ఉబ్బు వచ్చి ఒక కడ్డీని తోస్తుంది. ఆ కడ్డీ తుపాకి మీటను తట్టుతుంది. చోదకుడు మీట నొక్కినప్పుడు అతడు కాల్చడం లేదు. కాల్చడానికి ఇంజనుకు అనుమతి ఇస్తున్నాడు, అంతే! కనుక ఆకు వచ్చినప్పుడు కాల్పును ‘ఆపే’ యంత్రమని దీనిని వర్ణించడం సరికాదు. ఆకు లేనప్పుడు ఒక్కొక్క గుండునూ పేల్చే యంత్రమిది.

దీనివల్ల ఒక వింత కలుగుతుంది. మళ్ళీ తూటా ఎక్కించుకోవడానికి తుపాకికి 0.12 సెకను పడుతుందనీ, కామ్ చుట్టుకొకసారి తట్టుతుందనీ అనుకుందాం. ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరిగితే 0.06 సెకనుకొక తట్టు. రెండవ తట్టుకు తుపాకి సరిగా సిద్ధమవుతుంది. నిమిషానికి 500 గుండ్లు. ఇంజను వేగం 1200కు పెరిగితే తట్టు 0.05 సెకనుకొకటి. రెండవ తట్టు 0.10 సెకనుకే వస్తుంది. తుపాకి ఇంకా సిద్ధం కాలేదు. మూడవ తట్టుదాకా ఆగాలి. నిమిషానికి 400 గుండ్లే! ఇంజను వేగం హెచ్చితే కాల్పు తగ్గింది. ఉపాధ్యాయులు ఈ లెక్కను ఇతర వేగాలకు కూడ విద్యార్థులచేత చేయించవచ్చు.

అసలు ప్రమాదం తూటాలో ఉన్నది. గుండు సెకనుకు 800 మీటర్ల వేగంతో పోతుంది. మూతికి మీటరు దూరాన ఉన్న ప్రొపెల్లరును చేరేలోగా, మన లెక్కలోని ప్రొపెల్లరు 9 డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది. దీనిని ముందుగానే లెక్కలో వేసుకోవచ్చు. కాని తూటా రంజకం చెమ్మగిలి, సెకనులో యాభైయవ వంతు ఆలస్యంగా అంటుకుంటే? ఆలోగా ప్రొపెల్లరు 144 డిగ్రీలు తిరుగుతుంది. ఆకుకూ ఆకుకూ మధ్యనున్న ఖాళీ సుమారు 160 డిగ్రీలే! మనిషి చెవికి అందని ఆలస్యం చోదకుని ప్రాణాలమీదికి వస్తుంది. సోల్నియేను ఓడించినది ఇదే. ఈ కారణం వల్లనే తూటాలను ఏరి, మంచివాటినే వైమానికులకిచ్చే ఏర్పాటు అవసరమైనది. కాల్చడానికి ముందు తలుపు తెరచి ఉండే లూయిస్ తుపాకి ఈ పనికి కుదరలేదు; మీట తగిలిన తరువాత దాని లోపలి భాగాలు చాల దూరం కదలాలి. అందుకే ఫ్రెంచి న్యూపోర్ 11 విమానంలో దానిని పై రెక్క మీద, ప్రొపెల్లరుకు అందనంత ఎత్తున నిలిపారు.

1915 జూలై 1న కుర్ట్ వింట్‌గెన్స్ ఫాకర్ ఏకపక్ష విమానం నుంచి ఈ పద్ధతిలో మొదటి విజయం సాధించాడు. ఆ శరదృతువు నుంచి 1916 తొలి నెలలదాకా బ్రిటిషు, ఫ్రెంచి పరిశీలక విమానాలు ఎన్నో కూలిపోయాయి. నిజానికి ఫాకర్ విమానం గొప్ప వేగం గలది కాదు, రెక్కల బలం కూడ అంతంతమాత్రమే. తుపాకే దాని బలం. ఆ తుపాకే ప్రమాదమని కూడ తేలింది. పేరెన్నికగన్న మాక్స్ ఇమ్మెల్‌మన్ 1916 జూన్ 18న కూలి మరణించాడు. యంత్రం గతి తప్పి తన ప్రొపెల్లరును తానే కొట్టుకున్నాడని జర్మనులు చెప్పారు, తమ ఎఫ్.ఇ.2బి విమానం కూల్చిందని బ్రిటిషువారు చెప్పారు. మొదటి మాటను అప్పటివారు అసాధ్యమని కొట్టివేయలేదన్నది గమనించదగినది.

కడ్డీలు అరుగుతాయి, వేడికి సాగుతాయి, ప్రతి నమూనా ఇంజనుకూ వేరుగా చేయాలి. ఈ చిక్కును విడదీసినవాడు ఇంగ్లండులో స్థిరపడిన రుమేనియా శాస్త్రజ్ఞుడు జార్జి కాన్‌స్టాంటినెస్కో. అతడు కడ్డీని తీసివేసి, దాని స్థానంలో ద్రవంతో నిండిన సన్నని గొట్టాన్ని పెట్టాడు. కామ్ ఒక చివర తట్టితే, ధ్వని పయనించినట్లే ఆ ఒత్తిడి తరంగం ద్రవంలో పరుగెత్తి రెండవ చివర మీటను తడుతుంది. గొట్టాన్ని ఎటైనా వంచవచ్చు; అరిగే భాగాలు తక్కువ. 1917 మార్చిలో డి.హెచ్.4 విమానాలతో ఇది ఫ్రాన్సుకు చేరింది. తరువాత బ్రిటిషు విమానాలలో ఇరవై ఏండ్లదాకా ఇదే వాడుకలో ఉన్నది.

1930 తరువాత రెక్కలు లోహంతో గట్టిగా తయారు కావడంతో, తుపాకులను ప్రొపెల్లరుకు అందని దూరంలో రెక్కల లోపలనే అమర్చడం సాధ్యమైనది. హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు ఎనిమిదేసి తుపాకులతో అలాగే వచ్చాయి. అయినా జర్మను, రష్యను విమానాలు కొన్ని రెండవ ప్రపంచ యుద్ధం చివరిదాకా ఆకుల సందునుంచే కాల్చాయి. ప్రొపెల్లరే లేని జెట్ విమానం వచ్చిన తరువాత కామ్, కడ్డీ, గొట్టం మూడూ యుద్ధవిమానం నుంచి తొలగిపోయాయి.