యంత్రమునకు నాదము నేర్పుట

వీణ పలికిన షడ్జమమునకును వేణువు పలికిన షడ్జమమునకును గల భేదమును చెవి క్షణములో గుర్తించును. స్వరమొక్కటే, రంగు వేరు. ఆ రంగును అంకెలలో చెప్పి యంత్రముచేత పలికించు విద్యయే సింథసైజర్ ప్రోగ్రామింగ్. ఇది ఆంగ్లము వచ్చినవారికే అందు విద్య యని పలువురు తలంతురు. గుడి గంటను, పెండ్లి మేళమును వినుచు పెరిగిన తెలుగు విద్యార్థులకు ఇందలి మూలసూత్రము క్రొత్తది కాదని మేము చూపదలచితిమి. ఇందులకు యమహావారు 1983లో విడుదల చేసిన డీఎక్స్ 7 అను వాద్యమును ఉదాహరణముగా గైకొందము.

1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ అను సంగీతకర్త కంప్యూటర్‌తో స్వరమును ఊపుచు పరీక్షించుచుండెను. సెకనుకు ఐదారు మారులు ఊగు స్వరము మనకు కంపిత గమకము వలె వినబడును. ఆ ఊపును వందల మారులకు పెంచగా, చెవికి ఊపు తెలియుట మానెను. దానికి బదులు స్వరము రంగే మారెను. ఒక తరంగము మరియొక తరంగమును ఇట్లు ఊపుటనే ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ అందురు. ఈ పద్ధతిపై హక్కును పొందియే యమహావారు డీఎక్స్ 7ను నిర్మించిరి.

ఇది పాత పద్ధతికి భిన్నమైనది. 2001 ఫిబ్రవరి 28న మూతపడువరకు మన గనులలో రాతిని పిండి చేసి, అక్కరలేని దానిని తొలగించి బంగారమును తీసెడివారు. ఆ మిగిలిన పిండియే నేటికిని కనబడు సయనైడు దిబ్బలు. అంతకు పూర్వపు సింథసైజర్లు పెక్కు ఇట్లే దట్టమైన ధ్వనితో మొదలిడి, ఫిల్టరుతో కొంత తీసివేసి నాదమును రాబట్టెడివి. డీఎక్స్ 7 పని కంసాలి పని వంటిది. కొన్ని సన్నని తీగలను మెలివేసి నగను అల్లినట్లు, సరళ తరంగములతో నాదమును అల్లును.

ఆ తరంగములను పుట్టించు భాగములకు ఆపరేటర్లని పేరు. అవి ఆరు. మన చెవికి వినబడునది క్యారియర్. దానిని వెనుక నుండి ఊపునది మాడ్యులేటర్. ఏది దేనిని ఊపవలెనో తెలుపు అమరికలు 32 కలవు, వానిని ఆల్గరిథములందురు.

ఇక గంటను చేయుదము. మొదట వాయిస్ ఇనిట్ అను ఆజ్ఞతో పలక తుడిచినట్లు పాత అంకెలను తుడువవలెను. 1వ ఆల్గరిథములో రెండవ ఆపరేటరు మొదటి దానిని ఊపును. మొదటి దాని నిష్పత్తిని 1.00గా ఉంచి, రెండవ దానిని 3.50 చేసి, దాని మట్టమును 75 వరకు పెంచవలెను. నిష్పత్తి పూర్ణసంఖ్య కాకున్నచో లోహపు మ్రోత పుట్టును. తరువాత ఎన్వలప్‌ను దిద్దవలెను. ఇందు నాలుగు వేగములు, నాలుగు మట్టములు, అన్నియు 0 మొదలు 99 వరకు. నాదము ఒక్క పెట్టున మొదలై మెల్లగా అణగవలెను; మాడ్యులేటరు క్యారియరు కంటె త్వరగా అణగవలెను. ఏలననగా నిజమైన గంట కొట్టినప్పుడు ఖంగుమని, పిదప మెత్తనై మ్రోగును. ఈ సంగతి చెప్పినది పుస్తకము కాదు, మన చెవి.

రెండు నిష్పత్తులను 1.00 చేసినచో అనుస్వరములన్నియు పలుకును. నాదస్వరము వంటి సన్నాయి జాతికి ఇది తగిన పునాది. మాడ్యులేటరును 2.00 చేసినచో బేసి అనుస్వరములే మిగిలి క్లారినెట్ ఛాయ కలుగును.

వాద్యముపై ఈ పని చేయుటకు ఓర్పు కావలెను. తెరపై రెండే వరుసలు, వరుసకు 16 అక్షరములు; ఒకమారు ఒక అంకెనే మార్చగలము. సాఫ్ట్‌వేర్ ఉన్నచో ఆరు ఆపరేటర్లును ఒకేసారి కంటికి కనబడును. డెక్స్‌డ్ అను ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటరులోనే ఇట్టి నాదములను పలికించును. మిడి తీగతో కలిపినచో వాద్యమునకును పంపును. నాదములను పంపునపుడు వాద్యములో మెమరీ ప్రొటెక్ట్‌ను తీసివేయవలెను. లోపలి బ్యాటరీ అడుగంటినచో దాచిన నాదములు పోవును గనుక ప్రతిని వేరుగా భద్రపరచుట మేలు. వాద్యము లేని విద్యార్థి సైతము ఈ సాఫ్ట్‌వేరుతో అభ్యసింపవచ్చును. అయితే తెర అంకెను చూపగలదు గాని, అది సరియైనదో కాదో చెప్పలేదు. ఒక్క అంకె మార్చుట, వినుట, మరల మార్చుట: రెండు మార్గములందును పని ఇదియే.

డీఎక్స్ 7తో వచ్చిన మొదటి 32 నాదములలో పియానో, బాకాలు, జపానువారి కోటో వాద్యము, తుదకు రైలు చప్పుడు కూడ ఉన్నవి. నాదస్వరము లేదు. చేసినవారు తాము ఎరిగిన నాదములను పెట్టిరి. ఇందు వారిని నిందింప పనిలేదు. మన నాదమెట్టిదో మనకు తెలియును గనుక దానిని చేయవలసిన వారము మనమే. మెట్ల మధ్య జారు గమకమునకు పిచ్ బెండ్ చక్రము కొంతవరకు తోడ్పడును. 1987లో వచ్చిన డీఎక్స్ 7-2లో స్వరస్థానములను సైతము మార్చుకొనవచ్చును.

కన్నడము, తమిళము, ఉర్దూ, తెలుగు కలిసి వినవచ్చు ఈ కోలారు సీమలో మన మాటను నిలుపుకొనుట ఎట్లో ఇదియు అట్లే. ఇతరులు సిద్ధము చేసి ఇచ్చినవి మాత్రమే వాడుకొన్నచో మన నాదము యంత్రములోనికి ఎన్నడును రాదు. తల్లిదండ్రులు కంప్యూటరును ఆటవస్తువుగా మాత్రమే ఎంచక, పిల్లలు చేసిన నాదమును కూర్చుండి వినవలెను. "ఇది మన మేళము వలె లేదు, ఇంకను గట్టిగా ఊదవలెను" అని పెద్దలు చెప్పు ఒక్క మాట, ఏ అంకెను మార్చవలెనో పిల్లలకు తెలుపును.