నీ గురించి రాయమంటే...

విదేశీ కాలేజీల దరఖాస్తులో మార్కులతో పాటు ఒక వ్యాసం ఉంటుంది. కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలు ఆగిపోయేది అక్కడే. రాయడానికి ఏమీ లేదనుకుంటారు. నిజానికి వాళ్ల దగ్గర ఉన్నంత సరుకు చాలామంది దగ్గర ఉండదు.

మన దగ్గర పై చదువుకు పోవాలంటే సొంత మాటతో పనిలేదు. బాసర ట్రిపుల్ ఐటీకి పదో తరగతి మార్కులు చూస్తారు. ఇంజినీరింగ్‌కు ఎప్‌సెట్, ఐఐటీకి జేఈఈ, మెడిసిన్‌కు నీట్. హాస్టల్లో రెండేళ్లు తెల్లవారుజామున లేచి చదివిన పిల్ల వేల బిట్లకు జవాబు గుర్తుపడుతుంది. ఆ రెండేళ్లలో నీకేం అనిపించిందో ఒక పేజీ రాయమని ఆమెను ఒక్కరూ అడగరు. పన్నెండేళ్ల చదువులో ‘నేను’ అని మొదలయ్యే వాక్యం సెలవు చీటీలో తప్ప రాసి ఉండదు. అలాంటి పిల్ల ముందు ఉన్నట్టుండి ‘నీ గురించి చెప్పు’ అనే ప్రశ్న పెడితే చెయ్యి ఆడకపోవడం సహజం.

అమెరికాలో డిగ్రీ స్థాయి చదువుకు ఎక్కువమంది వాడేది కామన్ అప్లికేషన్. 1975లో పదిహేను కాలేజీలతో మొదలై ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలకు చేరింది. ఏడు ప్రశ్నలిస్తారు, ఒకటి ఎంచుకుని 650 పదాలు దాటకుండా రాయాలి. నీ నేపథ్యం, నీకెదురైన అడ్డంకి, నువ్వు సందేహించిన నమ్మకం, గంటలు తెలియకుండా నిన్ను కూర్చోబెట్టే విషయం... ఇలా సాగి, చివరి ప్రశ్న ‘నీకు నచ్చిన అంశం’ దగ్గర ఆగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానిది వేరే పద్ధతి. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి ఒక్కోదానికి 350 పదాల లోపు జవాబు రాయాలి. బ్రిటన్‌లో మొత్తం నాలుగు వేల అక్షరాలే. 2026 ప్రవేశాల నుంచి దాన్ని కూడా మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. ఇలాంటి వ్యాసంలో ప్రధానంగా చూసేది ఇది: ఈ మనిషి లోకాన్ని ఎలా గమనిస్తుంది, గమనించినదాని మీద ఎలా ఆలోచిస్తుంది?

ఇక్కడే మన పిల్లలు రెండు దారుల్లో ఒకటి పడతారు. మొదటిది పెద్ద పేర్ల దారి. ఆదిలాబాద్ పిల్లవాడు కుమురం భీం గురించి రాస్తాడు, జోడేఘాట్, 1940, జల్ జంగల్ జమీన్ అన్నీ ఉంటాయి. చదవడానికి బాగుంటుంది. కానీ దరఖాస్తు చేసింది కుమురం భీం కాదు. రెండోది కష్టాల దారి. అప్పులు, గుడిసె, అమ్మ కన్నీళ్లు. కష్టం నిజమే, దాన్ని దాచుకోమని ఎవరూ అనకూడదు. అయితే కష్టం ఒక్కటే రాస్తే చదివేవారికి జాలి కలుగుతుంది, రాసిన మనిషి మాత్రం కనిపించదు. ఇంటి గుట్టు బయటపెట్టే ముందు అమ్మానాన్నలను ఒక మాట అడగడం కూడా మర్యాద. వాళ్ల బతుకు మన సీటు కోసం వాడుకునే సామాను కాకూడదు.

మరి అంశం ఎక్కడుంది? చేతికి తెలిసినదాంట్లో ఉంది.

సిరిసిల్లలో ఒక అమ్మాయి ఉందనుకుందాం. బాపు సాంచాలు (మరమగ్గాలు) నడుపుతాడు, అమ్మ బీడీలు చుడుతుంది. ‘మరమగ్గాల పరిశ్రమ సంక్షోభం’ అని రాస్తే అది పత్రికా వ్యాసమవుతుంది, పత్రికలు దాన్ని ఎన్నోసార్లు రాశాయి. కానీ ఆ అమ్మాయికి తెలిసినవి పత్రికలకు తెలియవు. నిద్రలో ఉన్నా ఏ సాంచా ఆగిందో చప్పుడును బట్టి చెప్పగలదు. ఆ చప్పుడులో మాట వినపడదు కనుక బాపుతో చేతి సైగలతో ఎలా మాట్లాడాలో ఆమెకు తెలుసు. బాపు నేసిన మీటర్ల లెక్క తన నోటుబుక్కులో రాసి పెడుతుంది. ఒక వారం ఆ లెక్కకూ ఆసామి ఇచ్చిన కూలికీ పొంతన కుదరలేదు. ఎందుకని అడిగింది. తనే ఒకచోట తప్పు కూడిందా, కోత పడిందా, బట్టలో పోగు తెగిన చోటు లెక్కలోకి రాలేదా? ఆ వెతుకులాటే వ్యాసం. ఆ అమ్మాయి గణితం చదవాలనుకుంటుందో, అర్థశాస్త్రం చదవాలనుకుంటుందో వేరే వాక్యంతో చెప్పనవసరం లేదు. పేదరికం అనే మాట కూడా అక్కర్లేదు, అది ఆ నోటుబుక్కులోనే ఉంది.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి పిల్లలకు ఇంకో ప్రశ్న ఉంది, బయటి ఊళ్ల వాళ్లకు అది అర్థం కూడా కాదు. సింగరేణి బొగ్గు గనుల్లో వారసుడికి ఉద్యోగం వచ్చే వీలుంటుంది. “బాపు నౌకరి నీకే అస్తది గదరా, గంత దూరం సదువెందుకు?” అని ఇంటికొచ్చిన చుట్టం అడుగుతాడు. ఆ మాటకు పదిహేడేళ్ల కుర్రాడు ఏం జవాబు చెప్పాడు? చెప్పలేకపోతే రాత్రంతా ఏం ఆలోచించాడు? ఇంటికి భద్రమైన దారి వదులుకోవడం అతనికి ధైర్యంగా తోచిందా, స్వార్థంగా తోచిందా? నన్నడిగితే ఇంతకన్నా బలమైన అంశం ఉత్తర తెలంగాణలో మరొకటి లేదు.

మిడ్ మానేరు జలాశయం ముంపు గ్రామాల పిల్లలు పునరావాస కాలనీలో పెరిగారు. పాత ఊళ్లో పక్కింటివాళ్లు కాలనీలో ఎక్కడికో పోయారు. వాడల వరుస మారితే పండుగలు, పంచాయితీలు, పలకరింపులు ఎలా మారాయో ఆ పిల్లలు కళ్లారా చూశారు. జగిత్యాల, కోరుట్ల వైపు తండ్రి గల్ఫ్‌లో ఉంటే బ్యాంకు కాగితాలు, తమ్ముడి ఫీజు, నాయనమ్మ మందులు అన్నీ చూసుకునేది పెద్ద కూతురే. ఇంత బాధ్యత మోసిన పిల్ల “నాకు లీడర్‌షిప్ అనుభవం లేదు సార్” అంటుంది.

గోండు పిల్లల సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. నెమలి ఈకల టోపీతో గుస్సాడీ నాట్యం, కెస్లాపూర్ నాగోబా జాతర... ఇవి చూడగానే బయటివాళ్ల కన్ను ఆగుతుంది. అందుకే వీటినే రాయమని చాలామంది సలహా ఇస్తారు. కానీ చూడవచ్చినవాళ్ల కళ్లతో రాస్తే ఆ పిల్లవాడు తన పండుగకు తానే గైడు అవుతాడు. అతనికి సొంత ప్రశ్నలున్నాయి. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లిష్ అయినప్పుడు కల ఏ భాషలో వస్తుంది? నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన చేతిరాత పుస్తకాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ అక్షరాలను ఫోనులో మొదటిసారి చూసి తాతకు చూపించిన మనవడు ఉంటే, తాత ఏమన్నాడో రాస్తే చాలు. 1943లో మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. అక్కడ చదువుకున్నవాళ్ల మునిమనవలు ఈనాడు తమ మాట తామే రాసుకునే వయసుకు వచ్చారు.

మన దగ్గర ఎక్కువమంది వెళ్లేది బీటెక్ తర్వాత ఎంఎస్‌కు. వాళ్లు రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ వేరు. దానికి ఇంటి కథ అక్కర్లేదు. ఏ విషయం ఎందుకు చదవాలి, ఇప్పటిదాకా ఏం చేశావు అన్నవే కావాలి. కన్సల్టెన్సీ ఇచ్చే నమూనాలో ‘చిన్ననాటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఆసక్తి’ అనే వాక్యం ఎన్ని వందల మంది పేరు మీద పోయిందో! ఫైనలియర్ ప్రాజెక్టులో నువ్వు రాసిన కోడ్ ఎంత, స్నేహితుడు రాసింది ఎంత, ఎక్కడ పనిచేయక ఆగింది అన్నవి నిజాయితీగా రాస్తే అదే మంచి అంశం. ఏఐ చేత రాయించి తనదని పంపడాన్ని కామన్ అప్లికేషన్ మోసాల జాబితాలోనే చేర్చింది.

డబ్బు లేదని ఈ దారి అసలే చూడని ఇళ్లకు ఒక మాట. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి ఉన్నాయి. ఇవి ప్రధానంగా డిగ్రీ తర్వాతి చదువుకు. అంబేద్కర్ కూడా 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనంతోనే కొలంబియాకు వెళ్లారు.

జూనియర్ కాలేజీ, గురుకుల అధ్యాపకులకు ఒక విన్నపం. వారానికి ఒక్క గంట ఇవ్వండి. ముందు ఇంగ్లిష్ వద్దు. తెలుగులో, గోండిలో, ఉర్దూలో, ఇంట్లో మాట్లాడే భాషలోనే ఒక పేజీ రాయించండి. తప్పులు దిద్దకండి, “తర్వాత ఏమైంది బిడ్డా?” అని మాత్రం అడగండి. ఆ పేజీల్లో దేన్ని ఇంగ్లిష్‌లోకి తేవాలో పిల్లలకే తెలుస్తుంది. కామన్ అప్లికేషన్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది, చాలా కాలేజీల గడువు జనవరి మొదట్లో ముగుస్తుంది. ఎండాకాలం సెలవుల్లో మొదలుపెడితే సమయం సరిపోతుంది.