కాగితంపై గుండె గోడు

ఏలూరు: తలనొప్పి లేదు. కళ్లు తిరగడం లేదు. మరి బి.పి. మాత్ర ఎందుకు? తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసే వారు మొదలు కొల్లేటి లంకల్లో వలలు లాగే వారి వరకు చాలామందికి కలిగే సందేహమిది. ఒంట్లో బాగున్నట్లు తోచగానే మాత్ర మానేస్తారు. మనిషికి తెలియకపోయినా పెరిగిన రక్తపోటు బరువు గుండెకు తెలుస్తూనే ఉంటుంది. ఆ గోడు ఇ.సి.జి. గీతల్లో బయటపడుతుంది.

హెచ్చిన ఒత్తిడికి ఎదురు రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె ఎడమ జఠరిక గోడ మందమవుతుంది. కూలీ కండ బలిస్తే మేలే. గుండె గోడ బలిస్తే చేటు. గోడ బిగుసుకుపోతుంది, దానికి అందే రక్తం చాలదు.

దీన్ని పసిగట్టే లెక్కను 1949లో సోకోలోవ్, లయన్ అనే వైద్యులు చెప్పారు. 'వి1'లో కిందికి దిగిన గీత లోతు, 'వి5' లేక 'వి6'లో పైకి లేచిన గీత ఎత్తు కలిపి 35 చిన్న గళ్లకు చేరితే అనుమానించాలి. వీటికి తోడు 'టి' అల తలకిందులైతే ముప్పు ఎక్కువ. గుండె లయ తప్పితే పక్షవాతం భయం కూడా ఉంటుంది.

అయితే గీతలే సర్వస్వం కాదు. బక్కపలుచని యువకుల్లో అవి సహజంగానే పొడవుగా ఉండవచ్చు. స్థూలకాయుల్లో మందమైన గోడ కూడా గీతలకు చిక్కకపోవచ్చు. ఇ.సి.జి. బాగుందని మాత్ర మానరాదు. అనుమానం తీరాలంటే ఎకో పరీక్ష అవసరం.

ఇది పట్నవాసుల జబ్బని పల్లెలు నిశ్చింతగా ఉండడానికి లేదు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 1,354 మరణాలను పరిశీలించిన అధ్యయనం 2006లో వెలువడింది. వాటిలో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల సంభవించినవే. అంటువ్యాధుల వాటా 12 మాత్రమే.

ఊరట కలిగించే మాట ఒకటుంది. మందులతో రక్తపోటు అదుపులో ఉంటే మందమైన గోడ తిరిగి పలచబడగలదు. 9,193 మందిపై జరిగిన 'లైఫ్' పరిశోధనలో, ఇ.సి.జి.లో ఈ లక్షణం తగ్గిన వారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా తగ్గింది.

రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, ఎండుచేప లేనిదే ముద్ద దిగని ఈ ప్రాంతంలో అది కష్టమే. కానీ కంచంలో ఉప్పు తగ్గించడం, మాత్ర మానకపోవడం మన చేతిలోని పనులు. ఇ.సి.జి.కి పట్టేది కొద్ది నిమిషాలు, నొప్పి ఉండదు. బి.పి. ఉన్నవారు గుండె మొరపెట్టుకునే దాకా ఆగకుండా ముందే ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది.