మూగజీవి పోతే ఏడవడానికి చోటేది?

అమీర్‌పేట, పంజగుట్ట: ఊళ్లో కాడెద్దు చనిపోతే ఆ పూట రైతు ఇంట పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగు వచ్చి అరుగు మీద కూర్చుంటారు. బంగారం లాంటి ఎద్దని నాలుగు మాటలంటారు. నలుగురూ చెయ్యివేసి బండికెక్కించి, చెలక గట్టున గొయ్యి తీసి, పసుపు కుంకుమలు చల్లి పూడ్చిపెడతారు. మర్నాడు మేత వేయబోయిన రైతు ఖాళీ గాడిని చూసి కళ్లు తుడుచుకుంటే వెటకారం చేసేవాడెవడూ ఉండడు.

అదే ఊరి నుంచి బతుకుదెరువుకు వెళ్లిన కొడుకు అమీర్‌పేటలో నాలుగో అంతస్తులో అద్దెకుంటాడు. ఆ ఇంట పదేళ్లు తిరిగిన కుక్క ఒకనాడు కన్నుమూస్తుంది. గొయ్యి తీయడానికి అక్కడ జానెడు మట్టి లేదు. కింద సిమెంటు, ఆపైన కార్లు. మైత్రీవనం చుట్టుపక్కల గల్లీలన్నీ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు. పక్క వాటాలో ఎవరుంటున్నారో తెలియని చోట అరుగు మీద కూర్చునేదెవరు? ఆఫీసులో తండ్రి పోయాడంటే సెలవిస్తారు. కుక్క పోయిందంటే మొహం వంక వింతగా చూస్తారు. ఊరికి ఫోను చేస్తే అవతలి నుంచి వచ్చే మాట ఒకటే: ‘‘కుక్క పోతే గింత ఏడుపా?’’

ఎద్దు మీది ప్రేమ అర్థమైన మనకు కుక్క మీది ప్రేమ అర్థం కాకపోవడం విచిత్రం. ఎద్దు అన్నం పెడుతుంది, కుక్క ఏం పెడుతుందని అడిగేవారున్నారు. ధర్మరాజు కథ మన పల్లెల్లో తెలియనివారు లేరు. మహాప్రస్థానంలో తన వెంట నడిచివచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రమ్మంటే ఆయన రానన్నాడు. ఆ ఘట్టం విని చేతులు జోడించి, ఇంటికి పోతూ దారిలో కుక్క మీద రాయి విసిరేవాళ్లమూ మనమే.

పంజగుట్ట, బేగంపేటల నడుమ నాటి ముఖ్యమంత్రి అధికార నివాసం ప్రగతి భవన్ ఉండేది. 2023 డిసెంబరులో దాని పేరు జ్యోతిరావు ఫూలే ప్రజాభవన్‌గా మారింది. 2019 సెప్టెంబరులో అక్కడ పెరుగుతున్న ‘హస్కీ’ అనే పదకొండు నెలల కుక్క జబ్బుచేసి చనిపోయింది. ప్రైవేటు పశువైద్యశాలలో సరైన వైద్యం అందక చనిపోయిందంటూ కుక్కల సంరక్షకుడు ఫిర్యాదు చేయగా, బంజారాహిల్స్ పోలీసులు పశువైద్యుని మీద కేసు నమోదు చేశారు. ఫిర్యాదు ఉన్నంత మాత్రాన తప్పు రుజువైనట్లు కాదు. కాని రాష్ట్రంలో డెంగ్యూ జ్వరాలతో జనం అల్లాడుతున్న రోజులవి. మనుషులు పోతుంటే పట్టని వారికి కుక్క పోతే పట్టిందా అని విమర్శలు చెలరేగాయి.

ఆ విమర్శ అన్యాయమని చెప్పలేం. అయితే ఆ గొడవలో ఒక సంగతి మరుగునపడింది. సాకిన జీవి హఠాత్తుగా పోతే, పెద్ద భవనంలోనైనా రేకుల ఇంటిలోనైనా, మనసు ముందుగా వెతికేది ‘ఎవరి వల్ల పోయింది?’ అని. డాక్టరు వల్లనా? సూది వల్లనా? నా వల్లనా? చాలామంది చివరికి తమ దగ్గరే ఆగిపోతారు. ఒకరోజు ముందు తీసుకువెళ్లి ఉంటే బతికేదేమో! ఆ రాత్రి మూలుగుతుంటే కసిరానే!

కేసు పెట్టిన సెక్షన్ల సంగతీ తెలుసుకోదగ్గదే. అప్పటి భారత శిక్షాస్మృతి 429వ సెక్షన్ ప్రకారం ఎద్దు, ఆవు, గేదె, గుర్రం వంటివాటిని చంపినా, వికలం చేసినా ఎంత ఖరీదైనదనే లెక్క లేదు. కుక్క వంటి ఇతర జంతువైతే 50 రూపాయలో అంతకు మించో విలువ చేయాలి. 1860లో చేసిన చట్టం గనుక ఆనాటి 50 రూపాయలే చివరిదాకా నిలిచాయి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని 325వ సెక్షన్‌లో ఆ వెల పట్టింపు తీసివేశారు. శిక్ష మాత్రం ఐదేళ్ల వరకు ఉంది.

కుక్కల ఆయుష్షు మామూలుగా పది, పన్నెండేళ్లు. అంటే పిల్లను తెచ్చుకున్ననాడే ఈ దుఃఖాన్ని కూడా తెచ్చుకున్నట్లు. ముసలితనంలో నొప్పితో లేవలేని కుక్కకు ఇక సూది ఇచ్చి బాధ తీర్చుదామని డాక్టరు అన్నప్పుడు యజమాని నలిగిపోతాడు. ఒప్పుకుంటే చంపినవాడినని, ఒప్పుకోకపోతే హింసపెట్టినవాడినని బాధ. అది కోలుకునే దశ దాటిందని డాక్టరు నోట స్పష్టంగా విని, కుదిరితే చివరి నిమిషంలో తల మీద చెయ్యివేసి పక్కనే ఉన్నవారికి ఆ బాధ కొంత తేలికవుతుంది.

చుట్టుపక్కలవారు గుర్తించని, బయటకు చెప్పుకోలేని ఇటువంటి దుఃఖం గురించి అమెరికాకు చెందిన కెన్నెత్ డోకా అనే పండితుడు 1989లో ఒక పుస్తకమే వెలువరించాడు. పరామర్శకు నోచుకోని దుఃఖం లోలోపలే మరింత ముదురుతుందని ఆయన చెప్పిన మాట. పల్లెలో రైతుకు దక్కి, అమీర్‌పేటలో అతని కొడుకుకు దక్కనిది ఆ పరామర్శే.

ఇంట్లో రెండో కుక్క ఉంటే దాని సంగతీ చూసుకోవాలి. 2022లో ఇటలీ పరిశోధకులు 426 మంది యజమానులను విచారించగా, తోటి కుక్క పోయాక మిగిలిన కుక్క తీరు మారిందని నూటికి 86 మంది చెప్పారు. ఆట తగ్గడం, తిండి తగ్గడం, ఎక్కువగా నిద్రపోవడం, మనిషిని అంటిపెట్టుకుని ఉండడం వారు గమనించినవి. జతలో ఒక ఎద్దు పోతే రెండోది మేత ముట్టకుండా అరవడం చూసిన మన రైతులకు ఇది కొత్త విషయమేమీ కాదు.

పిల్లలకు మాత్రం అబద్ధం చెప్పరాదు. కుక్క ఊరికి పోయింది, వస్తుందిలే అంటే వాడు రోజూ గుమ్మం వంక చూస్తూనే ఉంటాడు. చనిపోయిందని చెప్పి, ఏడిస్తే ఏడవనివ్వాలి. మర్నాడే మరో కుక్కపిల్లను తెచ్చి చేతిలో పెట్టడం కూడా తొందరపాటే. గిన్నె, గొలుసు ఎప్పుడు తీసివేయాలన్నది ఆ ఇంటివాళ్ల ఇష్టం. వారం కావచ్చు, ఏడాది కావచ్చు.

నెలలు గడిచినా నిద్ర లేక, తిండి సహించక, పని మీద మనసు నిలవక, చావు మాటలు వస్తుంటే డాక్టరు దగ్గరకు వెళ్లవలసిందే. అమీర్‌పేట నుంచి మెట్రోలో మియాపూర్ వైపు మూడో స్టేషన్ ఎర్రగడ్డ. మానసిక చికిత్సాలయం అక్కడే ఉంది. మన భాషలో ఎర్రగడ్డ అనే మాటను వెటకారానికి వాడి వాడి, నిజంగా అవసరమైనవాడు కూడా అటు వెళ్లడానికి సిగ్గుపడేలా చేశాం. వెళ్లలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. టెలి మానస్ పేరుతో 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఉచిత సేవలో తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక చివరి మజిలీ. పంజగుట్టలో మనుషులకు శ్మశానవాటిక ఉంది. కుక్కను తీసుకుని నగరం తూర్పు కొసకు, నాగోలు దగ్గరి ఫతుల్లాగూడకు వెళ్లాలి. పెంపుడు జంతువుల కోసం అక్కడ దహనవాటిక ఏర్పాటు చేశారు. అది తెలియక చెత్తకుండీ పక్కన వదిలివచ్చి, ఆ తర్వాత ఆ దారిన నడవలేక చుట్టు తిరిగిపోయేవారి బాధ ఎవరికి చెప్పుకునేది? ఊళ్లో పూడ్చేవారైనా బావికి, చెరువుకు దూరంగా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లాలి. పిచ్చి లక్షణాలతో చనిపోయిన కుక్కయితే ఒట్టి చేతులతో ముట్టరాదు. కరిచినా, గాయాలకు సొంగ తగిలినా సబ్బు నీళ్లతో బాగా కడిగి, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

సొంతూరు దగ్గరగా ఉన్నవారు కొందరు రాత్రికి రాత్రే కారులో కుక్కను ఊరికి తెచ్చుకుంటారు. తెల్లవారకముందే చెలక గట్టుకు చేరతారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే కొడుకుకు గొయ్యి తీయడం చేతకాదు. ఫోనులో గింత ఏడుపా అన్న పెద్దాయనే, మాట్లాడకుండా గడ్డపార అందుకుంటాడు.