భుజానికెక్కే పడవ

నది రాళ్ల మీంచి కిందికి దూకే చోట మామూలు పడవ ప్రయాణం ఆగిపోతుంది. కనూ ప్రయాణం ఆగదు. లోపలున్న మనిషి గట్టున దిగి, సామాను తీసి, పడవను బోర్లించి నెత్తికెత్తుకుంటాడు. జలపాతం దాటాక మళ్లీ నీళ్లలో వేసుకుంటాడు. ఉత్తర అమెరికా అడవుల్లో రూపుదిద్దుకున్న ఈ సన్నటి పడవ కథంతా ఆ ఎత్తుకోవడం చుట్టూ తిరిగింది. నీటి మీద ఎంత బాగా పోతుందో చూసినంత శ్రద్ధగా, నేల మీద ఎంత తేలిగ్గా భుజానికొస్తుందో కూడా చూసుకున్నారు దాన్ని చేసినవాళ్లు.

మాను తొలిచి చేసే దోనె దీనికి తాత. నెదర్లాండ్స్‌లో 1955లో రోడ్డు వేస్తుంటే పెసె అనే ఊరి దగ్గర బురదలో ఒక పైన్ దోనె దొరికింది. పొడవు మూడు మీటర్లు, వయసు సుమారు 10 వేల ఏళ్లు. కొల్లేటి లంకల్లో తాటి దోనె మీద చేపలకు వెళ్లినవాళ్లకు ఆ ఆకారం కొత్త కాదు. కనూ అనే మాట కూడా కరీబియన్ దీవుల ఆరవాక్ జనం తమ దోనెను పిలుచుకున్న పేరే. స్పానిష్ నావికుల నోట అది ఐరోపాకు చేరింది. దోనె గట్టిదే, కానీ బరువు. దాన్ని మోసుకుని అడవి దాటడం అయ్యే పని కాదు.

ఆ చిక్కును విప్పింది ఒక చెట్టు బెరడు. మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం హిమాలయాల్లో పెరిగే బర్చ్ చెట్టు బెరడే. దాని దాయాది తెల్ల బర్చ్ కెనడా అడవుల నిండా ఉంది. బెటులిన్ అనే పదార్థం వల్ల ఆ బెరడుకు తెలుపు వస్తుంది, నీటిని లోపలికి రానివ్వని గుణమూ వస్తుంది. అల్గోన్‌క్వియన్ భాషలు మాట్లాడే ఆదివాసులు వేసవి మొదట్లో మానుకు నిలువునా ఒక గాటు పెట్టి, బెరడును చాపలా ఊడదీసేవాళ్లు. దాన్ని నేల మీద తెల్ల వైపు పైకి వచ్చేలా పరిచి, రాళ్ల బరువు పెట్టి, అంచులు పైకి మడిచి, చుట్టూ మేకులు పాతి నిలబెట్టేవాళ్లు. అంటే చెట్టు మీద బయటికి కనిపించిన తెలుపు పడవలో లోపలికి పోతుంది. లోపలి గోధుమ రంగు పొర నీటికి తగులుతుంది.

కుట్టుకు దారం స్ప్రూస్ చెట్టు వేరు. వేరును నానబెట్టి, నిలువునా చీల్చి, ఎముక సూదితో పొడిచిన రంధ్రాల గుండా లాగి బిగిస్తారు. ఈ కుట్టుపని ఎక్కువగా ఆడవాళ్లది. అతుకుల మీద స్ప్రూస్ బంకను జంతువుల కొవ్వుతో కలిపి కాచి పూస్తారు. ఉత్త బంక అయితే చలికి పెళుసెక్కి పగులుతుంది. కొవ్వు కలిస్తే సాగుతుంది. చివరికి పలుచటి సెడార్ చెక్కలు లోపల పరిచి, వేడినీళ్లతో మెత్తబరిచి వంచిన పక్కటెముకలను ఒక్కొక్కటిగా దిగ్గొడతారు. అవి దిగుతున్నకొద్దీ బెరడు డప్పు చర్మంలా బిగుసుకుంటుంది. ఇంత పడవలో ఒక్క ఇనుప మేకు లేదు. దారిలో చిల్లు పడితే బాగుచేయడానికి కావలసిన బెరడు, వేరు, బంక ఒడ్డున ఉన్న అడవిలోనే దొరుకుతాయి. ఇంతకన్నా తెలివైన యంత్రం ఆ నేల మీద మరొకటి పుట్టలేదనే చెప్పాలి.

ఐరోపా నుంచి వచ్చిన బొచ్చు వ్యాపారులకు ఇది వెంటనే అర్థమైంది. మాంట్రియల్ నుంచి సుపీరియర్ సరస్సుకు వెళ్లే పెద్ద కనూ 11 మీటర్ల పొడవుండేది, సుమారు మూడు టన్నుల సరుకు పట్టేది. సరస్సు ఒడ్డు నుంచి పిజన్ నది జలపాతాలను తప్పించుకుని పైకి వెళ్లే గ్రాండ్ పోర్టేజ్ కాలిబాట దాదాపు 14 కిలోమీటర్లు. అక్కడ ఒక్కో మనిషి ఒక్కో విడతకు మామూలుగా రెండు మూటలు మోసేవాడు. మూట బరువు 41 కిలోలు. నుదుటికి తోలు పట్టీ కట్టుకుని, బరువును వీపు మీదికి వేలాడదీసుకుని నడిచేవాళ్లు. ఆ మూటలు మోసి ఎందరి నడుములు విరిగాయో తలచుకుంటే, కంపెనీల లాభాల లెక్క చదవబుద్ధి కాదు.

ఇప్పటి కనూ మధ్యలో అడ్డంగా ఉండే చెక్కను ఇంగ్లిష్‌లో యోక్ అంటారు, అంటే కాడి. ఎద్దు మెడకు కాడి ఎలా కూర్చుంటుందో, పడవను బోర్లించి ఎత్తినప్పుడు ఆ చెక్క మనిషి భుజాల మీద అలాగే కూర్చుంటుంది. అది సరిగ్గా బరువు మధ్యలో ఉండాలి. రెండు వేళ్ల మందం వెనక్కి జరిగినా పడవ ముక్కు నేలకు వాలుతుంది, ముందు దారి కనిపించదు.

నీటి మీద దీనికి ఒక పేచీ ఉంది. ఎడమ పక్క తెడ్డు వేస్తే ముక్కు కుడికి తిరుగుతుంది. వెనక కూర్చున్నవాళ్లు ప్రతి వేటు చివర తెడ్డు ఆకును మెలితిప్పి, నీటిని కాస్త బయటికి నెడతారు. ఆ నెట్టుడుతో ముక్కు దారిలోకి వస్తుంది. తెడ్డు గీసే గీత ఇంగ్లిష్ జే అక్షరంలా ఉంటుంది కాబట్టి పేరు కూడా అదే. నేర్చుకునే రోజుల్లో పడవ పాములా మెలికలు తిరుగుతుంది. చెయ్యి అలవాటు పడ్డాక ఆ సవరింపు మనసుకు కూడా తెలియకుండా జరిగిపోతుంది.

సరదా కోసం తెడ్డు పట్టే అలవాటును పెంచినవాడు జాన్ మెక్‌గ్రెగర్ అనే లాయరు. 1865లో ఆయన 15 అడుగుల ఓక్ పడవ చేయించుకుని, రాబ్ రాయ్ అని పేరు పెట్టి, ఐరోపా నదుల మీద ఒంటరిగా తిరిగాడు. మరుసటి ఏడు వచ్చిన ఆయన పుస్తకం చదివి ఎందరో గుమస్తాలు, డాక్టర్లు సెలవుల్లో నదుల దారి పట్టారు.

తేలికదనాన్ని చివరిదాకా లాగి చూసింది మాత్రం జార్జ్ వాషింగ్టన్ సియర్స్. పెన్సిల్వేనియాలో చెప్పులు కుట్టే బక్కపలచటి మనిషి, ఊపిరితిత్తుల జబ్బు. బరువు మోయలేడు, అడవిని వదలలేడు. న్యూయార్క్ రాష్ట్రంలోని కాంటన్‌లో పడవలు చేసే హెన్రీ రష్టన్‌ను అడిగి 1883లో సెడార్ చెక్కతో తొమ్మిది అడుగుల కనూ చేయించుకున్నాడు. దాని బరువు పదిన్నర పౌన్లు, అంటే ఐదు కిలోల లోపే. అరవై దాటిన వయసులో, దగ్గుకుంటూ, అందులో ఆడిరోండాక్ సరస్సుల మీద 430 కిలోమీటర్ల దాకా తిరిగి దాన్ని చెక్కుచెదరకుండా ఇంటికి తెచ్చాడు. సెయిరీ గాంప్ అనే ఆ పడవ ఇప్పటికీ భద్రంగా ఉంది. కనూ చరిత్రలో ఒక్క పడవనే చూపించమంటే చూపించాల్సింది దాన్నే.

ఈలోగా బెరడు పడవ కనుమరుగవుతూ వచ్చింది. పెద్ద బర్చ్ మానులు తగ్గాయి, బెరడు బదులు కాన్వాసు గుడ్డ వచ్చింది. ఆ విద్య మాసిపోకుండా ఆపినవాడు ఎడ్విన్ టాపన్ ఆడ్నీ. 1887లో న్యూ బ్రన్స్‌విక్‌లో మలిసీట్ జాతికి చెందిన పీటర్ జో దగ్గర పని చూసి నేర్చుకున్నాడు. ఆ తర్వాత బతికినంత కాలం, వేర్వేరు జాతుల కనూలకు వందకు పైగా చిన్న నమూనాలు చేశాడు. 1950లో ఆయన పోయాక, ఆయన రాసిపెట్టుకున్న కాగితాలను హోవర్డ్ చాపెల్ సరిచేసి 1964లో పుస్తకంగా తెచ్చాడు. ఇప్పుడు మళ్లీ బెరడు కనూలు కడుతున్నవాళ్లలో చాలామంది ముందు పెట్టుకునేది ఆ పుస్తకాన్నే.

1944లో గ్రమ్మన్ విమానాల కంపెనీ ఉపాధ్యక్షుడు విలియం హాఫ్‌మన్ ఆడిరోండాక్‌లో కాన్వాసు కనూ మోస్తూ అలసిపోయాడు. విమానాలకు వాడే అల్యూమినియంతోనే పడవ ఎందుకు చేయకూడదనుకున్నాడు. మరుసటి ఏడే యుద్ధవిమానాల షెడ్డులో కనూలు తయారయ్యాయి. రెండు సగాలుగా సాగదీసి మలిచిన రేకును మధ్యలో రివెట్లతో కలిపేవాళ్లు. రాయికి తగిలితే సొట్ట పడేది, చిల్లు పడేది అరుదు. ఎండలో కాలేది, తెడ్డు తగిలితే గిన్నెలా మోగేది. అయినా పిల్లల వేసవి శిబిరాలను, అద్దె రేవులను అదే నింపింది. తర్వాత రాయలెక్స్ ప్లాస్టిక్ కనూలు వచ్చాయి, ఆ ప్లాస్టిక్ తయారీ 2014లో ఆగిపోయింది. కెవ్లార్ నారతో చేసిన 17 అడుగుల కనూ ఇప్పుడు 20 కిలోల లోపు తూగుతుంది. ఇద్దరు మనుషుల పడవను ఒక్కరే ఎత్తుకోవచ్చు.

పడవను మోసుకెళ్లే అలవాటు కృష్ణ, తుంగభద్ర ఒడ్డుల్లోనూ ఉంది. జాలరి పుట్టిని బోర్లించి వీపుకెత్తుకుని నడుస్తుంటే దూరానికి తాబేలు నడిచినట్టుంటుంది.

1890లలో సైకిల్ మోజు కనూ క్లబ్బుల కుర్రాళ్లను లాక్కుపోయింది. ఇప్పుడు ఆ సైకిలే కనూకు తోడు. కనూ నదితో పాటు కిందికి పోతుంది, వెనక్కి రావాలంటే ప్రవాహానికి ఎదురీదాలి. అందుకే పొద్దున్నే సైకిల్‌ను కింది రేవు దగ్గర చెట్టుకు తాళం వేసి, కారులో పై రేవుకు వస్తారు. కనూ దించి రెండు మూడు గంటలు తెడ్డు వేస్తారు. కింది రేవులో దిగాక కనూను అదే చెట్టుకు కట్టేసి, తాళం తీసి, తడి బూట్లతోనే సైకిలెక్కి కారు దగ్గరికి బయల్దేరతారు.